అమానత్‌కి సూద్ ఎందుకు?

మొన్న జుమ్మా నాడు ఆపా ఇంటికెళ్తే దూలాభాయ్ దిగులుగా కూర్చున్నారు. "బేటీకి జర్మనీలో సీటొచ్చింది. దాదాపు 12 లక్షలు చూపించాలట. బ్యాంకు లోన్ తీసుకోమంటున్నారందరూ. సూద్ కట్టడం నావల్ల కాదు మియా. నిఖా చేసి పంపిస్తా."

ఆయన ఈమాన్‌తో నాకు పేచీ లేదు. హిసాబ్‌తోనే పేచీ.

అక్కడి సర్కారీ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉంది. మన పిల్ల సీటు ఫీజు లేని చోటే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు ఫీజు కాదు, పిల్ల పేరు మీద అమానత్. నెలకు 992 చొప్పున కిరాయికి, తిండికి, ఇన్సూరెన్స్‌కి ఆమె చేతికే వస్తాయి. ఏడాదికి 140 రోజులు పని చేసుకునే ఇజాజత్ కూడా ఉంది. అలాగని దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. పర్మిట్ పొడిగించేటప్పుడు ఖర్చులకు రఖం ఉందని మళ్లీ చూపించాలి.

మరి పైసలెక్కణ్ణుంచి? షాదీఖానాకి, వలీమాకి, జహేజ్‌కి దూలాభాయ్ దాచింది అంతకన్నా ఎక్కువే! చాలకపోతే ఖాందాన్‌లో నలుగురం ఖర్జె హసనా ఇద్దాం. కాగితం రాసుకుందాం, గవాహీలు పెట్టుకుందాం. ఖర్జ్ రాసుకోమని ఖురాన్ చెప్పనే చెప్పింది.

సూద్ హరామ్ అంటాం, సరే. జహేజ్‌ని మాత్రం రివాజ్ అని సరిపెట్టుకుంటాం. బేటీ తాలీమ్ దగ్గరే మనకు షరీఅత్ గుర్తొస్తుందా?

నా వాటా ఎంతో ఆ రాత్రే చెప్పేశాను. దూలాభాయ్ ఇంకా ఆలోచిస్తున్నారు. పిల్ల మాత్రం ఏపీఎస్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఒకే కవర్‌లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.