మూడు వేళ్ల వెడల్పు: ఫెరార్గంజ్ ప్రణాళిక

నోరు, నాలుక, అంగిలి, గొంతు. వీటిలో ఎక్కడో ఒకచోట క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్, కరెంటు (రేడియేషన్), కీమో అన్నీ దాటుకుని ఇంటికి తిరిగొచ్చినవాళ్లం మేము. మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్న భార్యలు, భర్తలు, కొడుకులు, కోడళ్లు కూడా మాలో వాళ్లే. అండమాన్ దీవుల్లోని ఫెరార్గంజ్ తహసీల్ పల్లెల్లో ఉంటాం. బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర కొందరు, వింబర్లీగంజ్, తుష్నాబాద్‌ల వైపు కొందరు, జిర్కాటాంగ్ చెక్‌పోస్టుకు ఇవతల కొందరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తాతల నాడో తండ్రుల నాడో ఓడెక్కి వచ్చిన కుటుంబాలు మాలో ఎక్కువ. ఇదే దారిన నడిచిన బెంగాలీ, మలయాళీ, తమిళ, రాంచీ కుటుంబాలవాళ్లకూ ఇక్కడ సమానంగా చోటుంది.

ఎదురైన ప్రతి మనిషీ మాతో ప్రేమగా అనే మాట ఒకటుంది. "ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి?" ఆ మాటకు తల ఊపి ఊరుకోవడం ఇవాళ్టితో మానేస్తున్నాం. ప్రాణం నిలిపిన డాక్టర్లకు, నర్సులకు, అడగ్గానే అప్పిచ్చిన బంధువులకు చేతులెత్తి మొక్కుతాం. కానీ ముద్ద మింగుడుపడకపోవడం, దవడ బిగుసుకుపోవడం, పిలుద్దామంటే గొంతు పలకకపోవడం నోరు మూసుకుని భరించాల్సినవని ఒప్పుకోం. ఇవి చికిత్స వెనక మిగిలిన జబ్బులు. వీటికి కొలత ఉంది, పరీక్ష ఉంది, వ్యాయామం ఉంది, కొన్నిటికి మందూ ఉంది. పూర్తిగా పోనివి కూడా చాలావరకు తగ్గుతాయి. తగ్గనివాటితో బతకడానికి పద్ధతులున్నాయి. ఆ పద్ధతులు నేర్పే మనిషి ఈ దీవిలోనే దొరకాలన్నది మా పట్టుదల.

మెడకు కరెంటు పెట్టడమంటే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. మాలో చాలామంది అందుకోసం చెన్నైకో, విశాఖకో, కోల్‌కతాకో వెళ్లి, ఆసుపత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని, పొయ్యి పెట్టుకుని, గంజి కాచుకుని గడిపినవాళ్లమే. ఆఖరి రోజున ఫైలు చేతికొస్తుంది. ఓడెక్కి దాదాపు మూడు రోజులు ప్రయాణం చేసి ఇల్లు చేరతాం. అయితే కరెంటు చేసే పని ఆఖరి రోజుతో ఆగదు. మెడ కండరాలు గట్టిపడటం, మింగే కండరాలు నీరసించడం, దవడ ఎముక బలహీనపడటం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడతాయి. అప్పటికి ఫైలు బీరువాలో ఉంటుంది. చికిత్స చేసిన డాక్టరు సముద్రానికి అవతల ఉంటారు. చికిత్స పూర్తయినవాళ్లు ఆసుపత్రికీ ఇంటి దగ్గరి డాక్టరుకూ మధ్య దారి తప్పిపోతున్నారని, ప్రతి ఒక్కరికీ జరిగిన చికిత్స వివరాలు, తర్వాత చూసుకోవలసినవి రాసివ్వాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2006లోనే చెప్పింది. మా విషయంలో ఆ రెంటి మధ్యా సుమారు 1200 కిలోమీటర్ల నీళ్లు కూడా ఉన్నాయి. ఆ కాగితం మాకు మరింత అవసరం.

మా సమావేశాల్లో "చేజేతులా తెచ్చుకున్నావు" అన్న మాట వినపడదు. ఉత్తరాంధ్ర తీరపల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా బృందం ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, ఆ పొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లో ప్రచురించింది. మా అమ్మమ్మలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లు తమ అమ్మల దగ్గర నేర్చుకున్నారు, అంతే. ఇక్కడ దీవిలోనేమో సుపారీ తోట ఎన్నో ఇళ్లకు కూడు పెడుతోంది. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2003లో తేల్చింది. తోట నరికేయమని ఎవరినీ అడగం. కాయ అమ్ముకోండి, నోట్లో మాత్రం వేసుకోకండి అంటాం. చికిత్స అయ్యాక మళ్లీ ఖైనీ, బీడీ, వక్క, మందు మొదలుపెడితే మరో క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, ఉన్న బాధలూ ముదురుతాయి. మానడం ఎంత కష్టమో మాకు తెలుసు. మానేదాకా ఆ మనిషి పక్కన కూర్చుంటాం. జారిపడితే వెలివేయం.

ఇక ఈ ప్రణాళికకు పేరిచ్చిన సంగతి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పెట్టి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పట్టించి చూడండి. మూడూ పడితే నోరు సరిగా తెరుచుకుంటున్నట్టే. రెండే పడితే ఆ వారమే డాక్టరుకు చెప్పాలి. తెరిచిన నోరు 35 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే వైద్యులు దాన్ని ట్రిస్మస్ అంటారు. నోరు బిగిస్తే తిండితో పోయే బాధ కాదది. బ్రష్ లోపలికి దూరదు, పళ్లు పాడవుతాయి. డాక్టరుకు గొంతు వెనక కనిపించదు, జబ్బు తిరిగొస్తే పట్టుకోవడం ఆలస్యమవుతుంది. నోరు ఉన్నట్టుండి బిగుసుకుపోతే అది జబ్బు తిరిగొచ్చిన సూచన కూడా కావచ్చు కాబట్టి ఇంట్లో వ్యాయామం చేసుకుంటూ కూర్చోకూడదు, చూపించుకోవాలి. దవడ వ్యాయామం కరెంటు పెట్టే రోజుల్లోనే మొదలవ్వాలి, ఆ తర్వాతా రోజూ సాగాలి. దవడ సాగదీసే పరికరాలు కొనలేనివాళ్లకు చెక్క పుల్లలు చాలు. పళ్ల మధ్య పట్టినన్ని పుల్లలు కట్టగా పెట్టుకుని కాసేపు ఉంచి, ఫిజియోథెరపిస్టు చెప్పిన లెక్కన ఒక్కో పుల్ల పెంచుతూ పోవడమే. మా ప్రతి సమావేశంలో మొదటి పని ఇదే. ఎవరి నోరు వాళ్లు కొలుచుకుంటారు, పుస్తకంలో రాసుకుంటారు. పోయిన నెల కన్నా తగ్గినవాళ్లతో ఎవరో ఒకరు ఆసుపత్రి దాకా వెళ్తారు.

పళ్ల గురించి ఇంకా గట్టిగా చెబుతాం, ఎందుకంటే ఇక్కడ తెలియక జరిగే నష్టం పూడ్చలేనిది. కరెంటు తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు. నొప్పి పుట్టిందని అలాంటి దవడలో పన్ను పీకిస్తే గాయం మానకపోవచ్చు, ఎముక చచ్చిపోయి బయటికి కనిపించవచ్చు. ఈ ప్రమాదం ఏళ్లు గడిచినా పోదు. అందుకని మాలో ఎవరైనా సరే, ఏ పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నా మొదటి మాటగా "నా దవడకు రేడియేషన్ ఇచ్చారు" అని చెప్పాలి. నోటితో చెప్పలేనివాళ్లు ఆ మాట రాసిన కార్డు చూపించాలి. ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోవాలి, ఫ్లోరైడ్ పూత గురించి అడగాలి. ఇప్పుడే జబ్బు తేలి మెయిన్‌ల్యాండ్‌కు బయలుదేరుతున్న అన్నలకు, అక్కలకు మా మొదటి అభ్యర్థన ఒకటే. ఓడ టికెట్టు తీసుకునే లోపే పళ్ల డాక్టరును కలవండి. తీయాల్సిన పన్ను కరెంటుకు ముందే తీయించి, గాయం మానడానికి రెండు మూడు వారాలు దొరికేలా చూసుకోండి. ఈ ఒక్క మాట ముందే చెప్పేవాళ్లు ఉండి ఉంటే మాలో కొందరి దవడలు ఇలా ఉండేవి కావు.

ఏడాదికి 3000 మిల్లీమీటర్ల దాకా వాన కురిసే దీవిలో మా నోళ్లు ఎండిపోయి ఉంటాయి. కరెంటు దెబ్బకు లాలాజల గ్రంథులు మూతపడటమే కారణం. గ్రంథులను తప్పించి కిరణాలు పంపే ఐఎంఆర్‌టీ పద్ధతి ఈ బాధను బాగా తగ్గిస్తుంది. బ్రిటన్‌లో జరిగిన పార్‌స్పోర్ట్ అనే పరిశోధనలో, చికిత్సైన ఏడాదికి తీవ్రంగా నోరు ఎండినవాళ్లు పాత పద్ధతిలో 74 శాతం ఉంటే ఈ పద్ధతిలో 38 శాతమే. కాబట్టి కొత్తగా వెళ్లేవాళ్లు ఏ పద్ధతి వాడతారో అడగాలి. అడగడం తప్పు కాదు. ఇప్పటికే ఎండిన నోళ్లకు మేం పాటించేది చెబుతాం. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంట సోడా కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించాలి. నీళ్ల సీసా చేతిలో ఉండాలి. రాత్రి తలగడ పక్కన కూడా ఉండాలి. కారం, పులుపు, ఆవకాయ నోటిని మండిస్తాయి. అన్నం మెత్తగా, చారో పెరుగో ధారాళంగా పోసి పిసికి తినాలి. ముళ్లు తీసిన చేపను పులుసులో నలిపి తింటే మాలో చాలామందికి దిగుతుంది. మింగేటప్పుడు ప్రతిసారీ దగ్గు వస్తుంటే అది పొలమారడం అని వదిలేయకూడదు. తిండి ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా రావచ్చు. మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి.

పెళ్లిళ్లలో బంతి భోజనానికి మేం వెళ్లడం మానేశాం. పక్కవాడు పాయసం దగ్గరికొచ్చేసరికి మేం రెండో ముద్ద దగ్గరే ఉంటాం. అంగిలి తీసేసినవాళ్లకు ఆ ఖాళీని మూసే ప్లేటు వదులైతే తిన్నది ముక్కులోంచి వస్తుంది. అందరూ చూస్తారు. ఇక నుంచి వెళ్తాం. మా ఇళ్లలో శుభకార్యానికి ఒక వరుస నిదానంగా తినేవాళ్లకని విడిగా ఉంచుతాం. అక్కడ విస్తరి ఎత్తేయడానికి ఎవరూ తొందరపడరు. జావ, మెత్తటి అన్నం, పలుచటి పప్పు అందరికీ వడ్డించే వంటల్లోనే ఉంటాయి. రోగి తిండి అని వేరే గిన్నెలో తెచ్చి పెట్టరు. ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లనూ ఇదే కోరుతున్నాం. ఎవరింటికైనా పిలిచినప్పుడు "ఏం తినగలవు?" అని ముందు రోజే అడిగితే చాలు.

మాట సంగతి. నాలుక సగం పోయినవాళ్లకు ట, డ, ణ, ళ పలకవు. అలాంటి మనిషి జెట్టీలోనో ఆఫీసులోనో తనకు అంతంతమాత్రంగా వచ్చిన హిందీలో మాట్లాడాల్సి వస్తుంది. ఎదుటివాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. మా సభ్యులతో మాట్లాడేటప్పుడు ఎవరూ మాట మధ్యలో అందుకుని పూర్తి చేయకూడదన్నది మా నియమం. స్వరపేటిక మొత్తం తీసేసినవాళ్లు మెడకున్న రంధ్రంలోంచే ఊపిరి పీల్చుకుంటారు. వాళ్లకు మాట తిరిగివ్వడానికి బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు బృందం 'ఓం' అనే వాయిస్ ప్రొస్థెసిస్‌ను 50 రూపాయలకే తయారు చేసింది. వేల రూపాయల దిగుమతి పరికరం చేసే పనే అది చేస్తుంది. ఏ కంపెనీదైనా ఇలాంటి పరికరాన్ని కొన్ని నెలలకోసారి మార్చాలి. మార్చడం తెలిసిన చేయి ఒక్కటి దీవిలో ఉంటే ప్రతిసారీ సముద్రం దాటే పని తప్పుతుంది.

ఇది దీవి కాబట్టి ఇంకో మాట. మెడలో రంధ్రం ఉన్న మనిషి నీళ్లలో పడితే లైఫ్ జాకెట్ కాపాడలేదు. రంధ్రంలోంచి నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సముద్రస్నానం, దోనె మీద వేట వాళ్లకు వద్దు. చాథం ఫెర్రీ ఎక్కితే లోపలి సీటు ఇవ్వండి. వాళ్లు స్పృహ తప్పితే ఆక్సిజన్ ముక్కుకు కాదు, మెడకు పెట్టాలి. ఇది ఫెర్రీ సిబ్బందికి, అంబులెన్సు డ్రైవర్లకు, ఆరోగ్య కేంద్రంలో రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు వెళ్లి మేమే చెబుతాం. మెడలో వేసుకునే కార్డు మీద హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయిస్తాం.

మిగతావి చిన్నవేం కావు, కానీ వీటికి దారి సులువు. మెడకు కరెంటు తగిలినవాళ్లు ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ మందగించి వచ్చే నీరసాన్ని, ఒళ్లు బరువెక్కడాన్ని, దిగులును వయసు మీద తోసేస్తున్నాం. రోజుకో మాత్రతో సరయ్యే బాధ అది. మెడ గడ్డలు తీసినప్పుడు భుజం నరం దెబ్బతిన్నవాళ్లు వల లాగలేరు, వక్కచెట్టు ఎక్కలేరు. ఫిజియోథెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకుని చెవులు గుయ్యిమంటున్నవాళ్లు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. పొద్దున లేవగానే గడ్డం కింద సంచిలా ఉబ్బుతుంటే అది లింఫ్ వాపు. మర్దనతో తగ్గుతుంది, నేర్చుకోవాలి.

మనసు సంగతి మాత్రం అంత సులువు కాదు. ముఖం మారిపోయి అద్దం చూడనివాళ్లు, తుంపర పడుతుందని మనవణ్ని ఎత్తుకోనివాళ్లు, ఎవరితోనూ మాట్లాడలేక చీకట్లో కూర్చునేవాళ్లు మాలో ఉన్నారు. తల, మెడ క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. రెండు సమావేశాలకు రాని సభ్యుడి ఇంటికి మేం వెళ్తాం. కబురు పంపి ఊరుకోం. చావాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతాం, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం మాకు లేదు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్తాం. ఏళ్ల తరబడి జావ కాచి, గొట్టం కడిగి, రాత్రుళ్లు మేలుకున్న ఇంటి ఆడవాళ్లకు నెలలో ఒక రోజు పూర్తిగా సెలవు. ఆ రోజు పని మేం పంచుకుంటాం.

పరిపాలనను మేం అడిగేవి నాలుగే. పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రిలో చికిత్స పూర్తయిన మాలాంటివాళ్ల కోసం వారంలో ఒక పూట కేటాయించి పళ్ల డాక్టరును, ఫిజియోథెరపిస్టును, స్పీచ్ థెరపిస్టును ఒకేచోట కూర్చోబెట్టండి. చికిత్స చేసిన మెయిన్‌ల్యాండ్ డాక్టరుతో ఈ-సంజీవని టెలివైద్యం ద్వారా ఇక్కడి నుంచే మాట్లాడే ఏర్పాటు చేయండి. మెయిన్‌ల్యాండ్‌కు పంపే ప్రతి రోగికీ తిరిగొచ్చాక చూపించుకునే తేదీని పంపిన రోజే రాసివ్వండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం స్వరపేటిక తీసేయడం వల్ల పోయిన మాటను శాశ్వత వైకల్యాల్లో పేరుపెట్టి చెప్పింది. మా వాళ్లకు ఆ ధ్రువపత్రం, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు ఫెరార్గంజ్‌లో శిబిరం పెట్టి ఇప్పించండి.

సభ్యత్వానికి రుసుం లేదు. క్యాన్సర్ ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది అని గుచ్చి అడగరు. మందులు, పొడులు, కషాయాలు అమ్ముకునేవాళ్లను, జబ్బు పూర్తిగా పోగొడతామని మాటిచ్చేవాళ్లను లోపలికి రానివ్వం. ఒకరికి డాక్టరు రాసిన మాత్ర ఇంకొకరికి ఇవ్వం. ఈ కాగితాన్ని హిందీలో, బెంగాలీలో కూడా రాసి ఆరోగ్య కేంద్రం గోడకు, జెట్టీలో, రేషన్ దుకాణం దగ్గర అంటిస్తాం. చదవలేనివాళ్లకు చదివి వినిపిస్తాం.

వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, రేడియేషన్ వివరాల కాగితం, వాడుతున్న మందుల చీటీ, నీళ్ల సీసా తెచ్చుకోండి. కాగితాల నకళ్లు మేం తీయిస్తాం. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి మీ ఇంటివాళ్ల దగ్గర ఉంటుంది. తుఫానుకో చెదలకో కాగితాలు పోగొట్టుకున్నవాళ్లు ఉత్త చేతులతోనే రండి. ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఏ ఏడాది చికిత్స జరిగిందో గుర్తున్నంత చెబితే, వివరాలు పంపమని ఆ ఆసుపత్రికి ఉత్తరం మేం రాస్తాం.