పిల్లికి బిచ్చం

పరమ లోభిని గురించి చెప్పాలంటే మనవాళ్ళు "వాడు పిల్లికి బిచ్చం పెట్టడు" అంటారు. ఈ మాట పుట్టించినవాడెవడో గానీ లోకం చూసినవాడు. ఆవుకి గ్రాసం వేస్తే పుణ్యం. కాకికి పిండం పెడితే పితృదేవతలు తృప్తిపడతారు. కుక్కకి అన్నం పెడితే ఇల్లు కాస్తుంది. పిల్లికి పెడితే? తిని, మూతి నాక్కుని, మన మొహంకేసైనా చూడకుండా గోడ దూకి పోతుంది. తిరిగి ఏమీ రాని చోట కూడా పెట్టగలిగినవాడే పెట్టేవాడని ఆయన లెక్క కాబోలు.

మరి ఆ పిల్లికి గోడ దూకే శక్తి కూడా లేకపోతే?

ఊరికే అడగడం లేదు. మా వీధిలో ఒక దంపతులు ఊరి చివరి జంతు శరణాలయానికి వెళ్ళి రెండు పిల్లుల్ని దత్తత తెచ్చుకున్నారు. ఒకటి స్కూటరు కింద పడి వెనక కాలు పోగొట్టుకున్నది. రెండోది కల్లుపాక నుంచి తిన్నగా వచ్చినట్టు నాలుగడుగులకోసారి తూలుతుంది. లక్షణంగా ఉన్న పిల్లిపిల్లలు అక్కడ బోలెడున్నా, ఏరి కోరి వీటినే తెచ్చారు. అంతే, వీధి వీధంతా న్యాయస్థానమై కూర్చుంది. ముద్దాయిల తరఫున మాట్లాడేవాళ్ళెవరూ లేరు కనక ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

మొదటి అభియోగం: "మనుషులకే దిక్కులేదు, పిల్లులకి సేవలేమిటండీ?"

వినడానికి పెద్ద ధర్మసూక్ష్మంలా ఉంటుంది. కానీ గమనించండి, ఈ మాట అనేవారు ఆ దిక్కులేని మనుషులకి తాము చేస్తున్నదేమిటో మాత్రం చెప్పరు. పిల్లి పేరెత్తితే తప్ప వారికి మనుషులు గుర్తు రారు. దయ అనేది నెలజీతం లాంటిదనీ, పిల్లికి ఇచ్చేస్తే మనిషికి చాలదనీ వీరి అభిప్రాయం. చరిత్ర అలా చెప్పడం లేదు. 1824లో లండనులో జంతుహింస నివారణకి సంఘం పెట్టినవారిలో విల్బర్‌ఫోర్స్ ఒకడు. బానిసల వ్యాపారం మీద జీవితమంతా పోరాడిన విల్బర్‌ఫోర్సే ఆయన! 1866లో న్యూయార్కులో అలాంటి సంఘమే పెట్టిన హెన్రీ బర్గ్ బండిగుర్రాల కోసం నడివీధిలో పోట్లాడేవాడు. 1874లో మేరీ ఎలెన్ అనే చిన్నపిల్లని పెంచుకున్నవాళ్ళే చావగొడుతుంటే, ఆదుకునే నాథుడు లేక చివరికి తలుపు తట్టింది ఆ బర్గ్ ఇంటినే. ఆయన మనుషులే కోర్టుకెక్కి ఆ పిల్లని విడిపించారు. పసిపిల్లల రక్షణకంటూ సంఘం పుట్టింది ఆ తరవాతే. గుర్రం దెబ్బ చూసి ఊరుకోలేనివాడు పిల్ల దెబ్బ చూసీ ఊరుకోలేడు. దయ చెలమ లాంటిది. తోడేకొద్దీ ఊరుతుంది.

రెండో అభియోగం: "అలాంటి బతుకు బతికే కన్నా సూది మందు వేయించి పంపించెయ్యడమే దయ."

ఎవరి బతుకు? తూలే పిల్లి సంగతి చూద్దాం. తల్లి చూలుతో ఉండగా దానికి ఒక వైరస్ జబ్బు సోకితే, కడుపులోని పిల్లలకి చిన్నమెదడు సరిగ్గా పెరగదు. నడకని తూచి నడిపించేది ఆ చిన్నమెదడే. అందుకని అడుగు ఒకచోట వెయ్యబోతే ఇంకోచోట పడుతుంది. అంతకు మించి ఏమీ లేదు. ఆ లోపం వల్ల నొప్పి ఉండదు. రోజురోజుకీ ముదరదు. ఇంకో పిల్లికి అంటదు. తక్కిన పిల్లుల్లాగే నిండు నూకలతో బతుకుతుంది. ఇక మూడు కాళ్ళది మంచం ఎక్కుతుంది, దిగుతుంది, బల్లిని తరుముతుంది. తనకొక కాలు తక్కువని అది ఎన్నడూ నిట్టూర్చలేదు. ఆ నిట్టూర్పులన్నీ గేటు దగ్గర నిలబడి చూసేవారివే!

తగ్గని బాధతో మూలిగే జీవికి డాక్టరుగారి సూది దయేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ దానికి బాధగా ఉందనీ, మనకి చూడ్డానికి బాగాలేదనీ అనేవి రెండు వేరువేరు మాటలు. మొదటిదాని కోసం పుట్టిన మందుని రెండోదానికి వాడమనడం దయ కాదు, ఇంటి అలంకరణ.

మూడో అభియోగం: "తెచ్చుకునేదేదో మంచిదే తెచ్చుకోవచ్చుగా!"

ఇదే నాకు అసలు ఒళ్ళుమండే మాట. శరణాలయానికి వెళ్ళేవారిలో చాలామంది పెళ్ళిచూపులకి వెళ్ళినట్టే వెళతారు. రంగు చూస్తారు, కళ్ళు చూస్తారు, నడిపించి చూస్తారు. "తెల్లది, నీలి కళ్ళది ఉందా?" అని వాకబు చేస్తారు. అయ్యా, ఒళ్ళంతా తెలుపూ, కళ్ళు నీలమూ అయిన పిల్లుల్లో చెవుడు ఎక్కువని డార్విన్ ఏనాడో రాశాడు. అంటే వీరు మోజుపడి అడిగేది చాలాసార్లు చెవిటిపిల్లినే. తెలియక గనక దాన్ని అందమంటారు, తెలిస్తే లోపమంటారు.

ఇంకో విడ్డూరం వినండి. స్కాటిష్ ఫోల్డ్ అనే ఖరీదైన జాతి ఒకటుంది. చెవులు ముందుకి మడిచినట్టుండి గుడ్లగూబలా ముద్దుగా ఉంటుంది. 1961లో స్కాట్లండులో ఒక పల్లెలో దొరికిన సూసీ అనే పిల్లితో మొదలైన వంశం. ఆ చెవి మడవడానికి కారణం మృదులాస్థిలో పుట్టుకతో వచ్చే దోషం. ఆ దోషం చెవితో ఆగదు, కీళ్ళలోనూ ఉంటుంది. చాలా పిల్లులు నొప్పులతో కుంటుతాయి. అందుకే నెదర్లాండ్స్ లాంటి దేశాలు ఆ జాతిని పుట్టించడాన్నే నిషేధించాయి. ఇక నొక్కినట్టుండే మొహంతో పెర్షియన్ పిల్లి ఊపిరికీ కన్నీటికీ పడే అవస్థ దాన్ని పెంచేవారినడగండి. మనుషులు కోరి పుట్టించిన వైకల్యానికి వేలకి వేలు పోస్తాం. స్కూటరు చక్రం కింద వచ్చిన వైకల్యాన్ని ఉచితంగా ఇస్తామన్నా మొహం తిప్పుకుంటాం. ఇందులో తక్కువైంది పిల్లి కాలా, మన బుద్ధా?

నాలుగో అభియోగం: "రోగిష్టి పిల్లులు. రోగాలంటుకుంటాయి."

కాలు లేకపోవడం అంటురోగం కాదు. శరణాలయాల్లో ఇంకోరకం అభాగ్యులుంటాయి, 'పిల్లుల ఎయిడ్స్' అని జనం దడుచుకునే వైరస్ ఉన్నవి. దాన్ని 1986లో కాలిఫోర్నియాలో కనిపెట్టారు. అది మనిషికి అంటదు. పిల్లి నుంచి పిల్లికి కూడా ముఖ్యంగా లోతైన కాటు వల్లనే పాకుతుంది. ఇల్లు దాటనివ్వకుండా, పోట్లాటల్లేకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి హాయిగా ఉంటాయి. రేబిస్ టీకా అంటారా, అది ఏ పిల్లికైనా వేయించాల్సిందే, నాలుగు కాళ్ళున్నా సరే.

ఐదోది అభియోగం కాదు, గుసగుస: "పాపం, పిల్లల్లేరు కాబోలు." ఉన్నారండీ. ఇద్దరు. పెళ్ళిళ్ళయి కాపురాలు చేసుకుంటున్నారు. లేకపోయినా అది మన కాఫీ కబుర్లకి సరుకు కాదు.

ఇంతసేపూ వీధివారిని అన్నాను గనక అవతలివారినీ వదలను. "అయ్యో పాపం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇలాంటి పిల్లిని తెచ్చి, నలుగురికీ ఫోటోలు పంపి, నెల తిరక్కుండా శరణాలయంలో దిగవిడిచి వచ్చేవారున్నారు. వీరికన్నా మొహం తిప్పుకున్నవారే నయం. నడుము పడిపోయిన పిల్లికి రోజుకి రెండు మూడుసార్లు పొట్ట నొక్కి మూత్రం తీయించాలి, ఆ పద్ధతి డాక్టరు దగ్గర నేర్చుకోవాలి. కళ్ళు లేనిదానికి ఇంట్లో కుర్చీలు, బల్లలు ఉన్నచోటే ఉండాలి, గిన్నె చోటు మారకూడదు. చెవిటిదాన్ని వెనకనుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. నేలమీద అడుగు గట్టిగా వేస్తే ఆ అదురు తెలిసి తిరిగి చూస్తుంది. తూలేదానికి మట్టితొట్టిలోకి దిగే చోట అంచు పొట్టిగా ఉండాలి. పండగలకి ఊరెళ్ళాలంటే భార్యాభర్తలు వంతులేసుకోవాలి. ఇది ఒక్కరోజు దానం కాదు, పదిహేనేళ్ళ సంసారం. ఒప్పుకోలేనివారు ఒప్పుకోకపోవడమే మర్యాద.

మన దేశంలో చట్టం లేకనా? రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుపట్టి లేవనెత్తిన మాటకి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ప్రాణుల పట్ల కరుణ పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని బ్లూక్రాస్ స్థాపించారు. అయినా అక్కర్లేని పిల్లిని గోనెసంచిలో మూటగట్టి ఊరవతల వదిలిరావడం మన ఇళ్ళల్లో ఇంకా ఒక ఆచారం. ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలెయ్యడం నేరమని ఆ 1960 చట్టమే చెప్పింది. మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా అని రాశారు. గోనెసంచీ, ఆటో ఖర్చూ కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతుంది.

నా వాదన అయింది. తీర్పు చెప్పేముందు వీధివారికి ఒక్క మనవి. ఈ ఆదివారం ఆ శరణాలయం దాకా వెళ్ళిరండి. ముందు వరసలో గంతులేసే పిల్లల్ని దాటి చివరి గదిలోకి పోయి, "అన్నిటికన్నా ఎక్కువ రోజులనుంచి ఉన్నదేది?" అని అక్కడి కుర్రాణ్ణి అడగండి. చూపిస్తాడు. ఇంటికి తెచ్చుకోమనను. కాసేపు దాని ఎదురుగా కూర్చోండి. తిరిగొచ్చాక ఆ దంపతులని ఏమనాలనిపిస్తే అది అనండి.