గంజాయి కేసు: ముందు వయసు చూడండి

గంజాయి కేసులో మన పిల్లవాడు పట్టుబడ్డాడంటే మనం ముందు చూడాల్సింది ఎఫ్‌ఐఆర్‌లో రాసిన వయసు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగితే ఆరు నెలల వరకు, కిలో వరకు దగ్గరుంటే ఏడాది వరకు, 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల వరకు జైలు. 18 నిండని వాళ్లకు మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిలు ఇవ్వడమే నియమం. 16 దాటి, 20 కిలోలకు మించి దొరికితే మాత్రం పెద్దవాళ్లలా విచారించాలో లేదో బోర్డు తేలుస్తుంది.

బడి మానేసిన దళిత, ఆదివాసీ పిల్లవాడికి స్టేషన్‌లో ‘19’ అని రాస్తే ఈ రక్షణలన్నీ గాలికి పోయినట్టే. వయసుకు బడి ఇచ్చిన పత్రమే మొదటి ఆధారం. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. మైనరన్న వాదన తుది తీర్పు తర్వాత కూడా ఏ కోర్టులోనైనా వినిపించవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి.

ఇదే చట్టం 78వ సెక్షన్ ప్రకారం పిల్లలతో సరుకు మోయించినవాడికి ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. మోసిన పిల్లవాడి పేరు రాసిన స్టేషన్‌ను, మోయించినవాడి పేరేదని మనం అడగాలి.