పక్షిమైత్రి

పక్షిని చూచి మురిసిపోవడం మానవ సహజం. ఆ మురిపెం ఏ రూపం ధరిస్తుందన్నదే ఆలోచించవలసిన విషయం. పంజరం పక్షిని మనిషి చెంతకు బలవంతంగా తెస్తుంది. ఛాయాచిత్రకళ మనిషినే పక్షి చెంతకు నడిపిస్తుంది.

శ్రీనాథుని 'శృంగారనైషధం'లోని హంస వృత్తాంతం ఈ సందర్భంలో స్మరణీయం. నలుని చేత చిక్కినంతసేపు ఆ హంస విలపించింది. అతడు జాలిపడి విడిచిపెట్టగా తిరిగి వచ్చి చెలిమి చేసింది, దమయంతి వద్దకు రాయబారమూ నడిపింది. స్వేచ్ఛ లభించిన తరువాతనే అక్కడ స్నేహం మొలకెత్తింది.

నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు ప్రాంతంలో ఇటువంటి చెలిమికి కొదువ లేదు. పాలపిట్ట కొమ్మమీదనో, తీగమీదనో కూర్చుండి, నేలపై పురుగును గుర్తించి రివ్వున వాలి, మరల తన నెలవుకే చేరుకొంటుంది. నాలుగు దినాలు అదే చోట మెదలక కూర్చున్న వానికి ఈ అలవాటు తెలుస్తుంది. పక్షికీ అతని ఉనికి అలవాటవుతుంది. అప్పుడు లభించే చిత్రం అతని ఓర్పుకు ఫలం. విజయదశమినాడు పాలపిట్టను చూడడం శుభమని మనవారి నమ్మకం. అయితే దర్శనం కోసం దానిని పట్టి పంజరంలో చూపే దురాచారం కొన్నిచోట్ల ఉంది. ఎగిరే పిట్టను చూచినప్పుడే ఆ దర్శనానికి సార్థకత.

ఆత్మకూరుకు పడమటి దిక్కున ఉన్న రోళ్ళపాడు గడ్డిమైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. గడ్డినేలలు తరిగిపోగా నేడక్కడ ఆ పిట్ట కంటబడడమే గగనమైంది. కడప జిల్లాలోని కలివికోడి కథ మరింత విచిత్రం. అంతరించిందని భావించిన ఆ పక్షి 1986లో తిరిగి కనిపించింది. రాత్రివేళ సంచరించే దాని జాడ తీయడానికి పరిశోధకులు పొదల నడుమ స్వయంచాలక కెమెరాలు అమర్చారు, మెత్తటి మట్టి పరచి పాదముద్రలు పరిశీలించారు. ఛాయాచిత్రం వినోదమే కాదు, ఒక జాతి బ్రతికి ఉన్నదనడానికి సాక్ష్యం కూడా.

అయితే కెమెరా పట్టిన ప్రతివాడూ పక్షికి మిత్రుడు కాడు. మంచి చిత్రం కోసం గూటికి అడ్డుగా ఉన్న కొమ్మలను విరిచేవారున్నారు. దాని కూతను యంత్రంలో వినిపించి మోసగించేవారూ ఉన్నారు. బట్టమేక పిట్ట నేలమీద సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. తల్లి బెదిరి లేచిపోతే ఆ గుడ్డు ఎండకూ, కాకులకూ గురి అవుతుంది. అట్టి చిత్రం ఎంత అందమైనదైనా దాని వెల అధికం.

కనుక యువతరం ఈ వ్యాసంగాన్ని చేపట్టడం వాంఛనీయమే. పక్షి పేరు తెలుసుకోవాలి, అలవాట్లు గ్రహించాలి, గూటికి దూరంగా నిలవాలి. మనిషి వెడలిన పిదప కూడా పక్షి అదే కొమ్మపై నిశ్చింతగా కూర్చుండగలగాలి. నిజమైన పక్షిమైత్రికి అదే గీటురాయి.