గ్యారంటీని అరగదీసింది ఎవరు?

చలికాలం వస్తోందంటే అమెరికాలోని మన ఇళ్లలో జాకెట్లు, స్నో బూట్ల కొనుగోళ్లు మొదలవుతాయి. కొనేముందు అందరం అడిగేది ఒక్కటే: "రిటర్న్ ఉందా?" ఆ వెసులుబాటు ఎందుకు పుట్టిందో, ఎందుకు కుదించుకుపోతోందో ఎల్.ఎల్.బీన్ కథ చెబుతుంది.

1912లో మెయిన్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో లియాన్ లియన్‌వుడ్ బీన్ కింద రబ్బరు, పైన తోలుతో వేట బూట్లు తయారుచేశాడు. బయటి రాష్ట్రాల వేటగాళ్ల జాబితా సంపాదించి పోస్టులో కరపత్రాలు పంపాడు. అమ్మిన మొదటి 100 జతల్లో 90 జతలు తోలు, రబ్బరు విడిపోయి వెనక్కి వచ్చాయి. డబ్బంతా తిరిగిచ్చి, బూటును సరిచేసి మళ్లీ అమ్మాడు. 1913లో ప్రభుత్వ పార్సిల్ పోస్టు రావడం కలిసొచ్చింది.

సరుకును చేత్తో పట్టి చూడకుండా కొనాలంటే నమ్మకం కావాలి. కేటలాగ్ వ్యాపారానికి గ్యారంటీయే అసలు పెట్టుబడి.

2018 ఫిబ్రవరిలో ఆ సంస్థ గడువులేని హామీని ఏడాదికి కుదించి, కొన్న రుజువు అడగడం మొదలుపెట్టింది. యార్డ్ సేల్‌లో కొన్నవాటికీ కొందరు డబ్బు అడుగుతున్నారని, ఐదేళ్లలో 25 కోట్ల డాలర్లు నష్టపోయామని చెప్పింది.

కుట్టు ఊడితే తయారీ లోపం. నడిచి నడిచి రబ్బరు అరిగితే అది రాపిడి, లోపం కాదు. ఈ తేడాను కొందరు చెరిపేస్తే హామీ అందరికీ పోయింది. ఒకసారి వేసుకుని ట్యాగుతో తిరిగిచ్చేసే చిట్కాలు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంటాయి. ఆ ఖర్చు చివరికి నిజాయితీగా కొనేవారి బిల్లులోనే చేరుతుంది.

ఈసారి కొనేటప్పుడు రిటర్న్ గడువుతోపాటు రిపేరు చేస్తారా అనీ అడగండి. బీన్ బూట్లకు డబ్బు తీసుకుని కొత్త అడుగు వేసిస్తారు. మన్నిక అంటే అదీ.