ఆమె కూడా యుద్ధానికి వెళ్లొచ్చారు

మే 12, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఏటా ఆ రోజున ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి దండ వేసి, నర్సులను దేవతలని కీర్తించి ఇళ్లకు వెళ్లిపోతాం. ఈసారి అదే మే నెలలో, 1947లో పుట్టిన మరో నర్సును తలుచుకుందాం. లిండా వాన్ డెవాంటర్ తన దేశాన్ని పొగడ్తలు అడగలేదు. తానూ యుద్ధం చేసి వచ్చినదాన్నేనని ఒప్పుకోమన్నారు.

బాల్టిమోర్‌లో నర్సింగ్ చదివి అమెరికా సైన్యంలో చేరిన లిండా, 1969 జూన్‌లో వియత్నాం చేరేనాటికి 22 ఏళ్ల పిల్ల. ప్లేకులోని 71వ ఎవాక్యుయేషన్ ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో ఏడాది పనిచేశారు. హెలికాప్టర్లు దిగుతూనే ఉండేవి. ఒక్కోసారి రోజంతా, రాత్రంతా కత్తెర కింద పెట్టే తీరిక ఉండేది కాదు. ఒక రాత్రి ముఖం ఛిద్రమైపోయిన కుర్రాడొకడు వచ్చాడు. సీసాల కొద్దీ రక్తం ఎక్కించినా నిలబడలేదు. బట్టలు సర్దుతుంటే జేబులోంచి ఒక ఫొటో జారిపడింది. బడి వీడ్కోలు విందుకు ముస్తాబై, ఒక అమ్మాయి పక్కన నిలబడిన అదే కుర్రాడు. అంతదాకా గాయంగా మాత్రమే కనిపించినవాడు అప్పుడు మనిషయ్యాడు. ఆ ఫొటో లిండాను జీవితాంతం వెంటాడింది.

తిరిగొచ్చాక మరో దెబ్బ తగిలింది. యుద్ధం ఆపాలంటూ మాజీ సైనికులు చేస్తున్న ప్రదర్శనకు వెళ్తే, నీవు సైనికురాలిలా కనిపించవు, వరసలో నిలబడొద్దన్నారు. అన్నది శత్రువులు కాదు, ఆమె ఎవరి ప్రాణాలు నిలబెట్టడానికి వెళ్లిందో ఆ తోటి సైనికులే. వియత్నాంలో పనిచేసిన అమెరికా సైనిక మహిళలు సుమారు 11 వేల మందని అంచనా. వాళ్లలో అత్యధికులు నర్సులే. తుపాకీ పట్టలేదు కాబట్టి యుద్ధం వాళ్లను తాకలేదని లోకం అనుకుంది. పీడకలలు, నిద్రలేమి, తాగుడు, చెదిరిన కాపురం అన్నీ లిండా అనుభవించారు. యుద్ధానంతర మానసిక గాయానికి అమెరికా మనోవైద్యుల పుస్తకంలో పేరు దొరికిందే 1980లో.

అక్కడితో ఆగిపోతే ఈ సంపాదకీయం అక్కర్లేదు. 1979 నుంచి మాజీ సైనికుల సంఘంలో మహిళా విభాగాన్ని నడిపి, చట్టసభ కమిటీల ముందు కూర్చుని, నర్సులకూ చికిత్స, కౌన్సెలింగ్ కావాలని వాదించారు. 1983లో ‘హోమ్ బిఫోర్ మార్నింగ్’ రాశారు. కొందరు తోటి నర్సులే ఆ పుస్తకం మా పరువు తీసిందని నిరసించారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆమె రాసి ఉండకపోతే ఎందరో నర్సులు తమ గోడును ఒంటరిగానే మోసేవారు.

1993 నవంబరు 11న వాషింగ్టన్‌లో వియత్నాం మహిళల స్మారకాన్ని ఆవిష్కరించారు. శిల్పి గ్లెన్నా గుడేకర్. ఇసుక బస్తాల మీద ఒక స్త్రీ గాయపడిన సైనికుణ్ణి ఒడిలో పట్టుకుని ఉంటుంది, మరొకామె ఆకాశం వైపు చూస్తుంటుంది. దగ్గర్లోని స్మారక కుడ్యంపై యుద్ధంలో పోయినవారి పేర్లు 58 వేలకు పైగా ఉంటే వాటిలో మహిళలవి ఎనిమిదే, ఎనిమిదీ నర్సులవే. లిండా పేరు అక్కడ ఉండదు. ఆమె 2002 నవంబరు 15న, ఒక కూతుర్ని ఈ లోకంలో వదిలి, 55వ ఏట కొలాజెన్ వాస్కులర్ వ్యాధితో పోయారు. యుద్ధభూమిలో చల్లిన రసాయనాలే ఆ జబ్బుకు కారణమని చివరిదాకా నమ్మారు.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకోవద్దు. అమెరికాలో 1970ల నడిమి దాకా గర్భం దాల్చిన సైనికురాలిని ఇంటికి పంపేవారు. మన దగ్గర 1988లో పెళ్లి చేసుకున్నందుకే ఒక మిలటరీ నర్సును కొలువు నుంచి తీసేశారు. ఆ నిబంధన 1995లో పోయింది. అది లింగవివక్షేనని సుప్రీంకోర్టు తేల్చి, రూ.60 లక్షల పరిహారం ఇప్పించింది మాత్రం 2024లో. 1926 నుంచి సైన్యంలో శాశ్వత విభాగంగా ఉన్న మిలటరీ నర్సింగ్ సర్వీసు చరిత్ర మన బడిపుస్తకాల్లో ఎంత?

సికింద్రాబాద్ మిలటరీ ఆస్పత్రిలో గానీ, సరిహద్దు ఆస్పత్రుల్లో గానీ పనిచేసి రిటైరైన సిస్టర్లు మన వీధుల్లోనే ఉన్నారు. పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి, మనవల్ని బడికి దించి వస్తున్న ఆ అమ్మలను ఎప్పుడైనా మీ సర్వీసు సంగతులు చెప్పమని అడిగామా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు వాళ్ల అనుభవాలను రికార్డు చేసే పని ఈ మే 12న మొదలుపెట్టాలి. వాళ్లు ఉండగానే అడగాలి.