గోడ మీది బూజుకు జవాబుదారీ ఎవరు?

మదురైలో, కోయంబత్తూరులో తెలుగు కుటుంబాలు నిన్నమొన్న వచ్చినవి కావు. నాయకరాజుల నాటికే అక్కడ మన మాట ఉంది. తెలుగు మాట్లాడేవారిలో తోటలూ మిల్లులూ ఉన్నవారున్నారు. ఆ నగరాల వీధులు ఊడ్చి, కాలువలు తీసే అరుంధతీయులూ ఉన్నారు. ఇద్దరి భాషా ఒకటే గాని, ఇంట్లో పీల్చే గాలి ఒకటి కాదు.

పారిశుద్ధ్య కార్మికుల పాత ఇళ్లు ఒక్కొక్కటే పోయి కాంక్రీటు అంతస్తులు వస్తున్నాయి. కోయంబత్తూరు ఉక్కడంలోని సి.ఎం.సి. కాలనీ ఇళ్లను ఫ్లైఓవర్ కోసం కూల్చారు. పక్కా ఇల్లు వద్దని మేము అనం. వానకు తడవని ఇంటి కోసం ఎన్ని తరాలు ఎదురుచూశాయో మాకు తెలుసు. కాని ఒక సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పెంకుటింట్లో వేడి, పొగ, చెమ్మ పెంకుల సందుల్లోంచి వాటంతటవే పోయేవి. స్లాబుకు సందులుండవు. ఇక ఆ పనంతా కిటికీయే చెయ్యాలి.

ఆ కిటికీ ఎలాంటిది? జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలుండాలి. 120 చదరపు అడుగుల గదికి 12 నుంచి 20 అడుగులన్నమాట. నాలుగడుగుల చదరపు స్లైడింగ్ కిటికీ చూడటానికి 16 అడుగులు, తెరిస్తే 8. ఒకవైపే కిటికీ ఉంటే వచ్చిన గాలి పోవడానికి దారి ఉండదు. పైగా కింద మురుగు కాలువ, దోమలు. నగరం కాలువలన్నీ శుభ్రం చేసే మనిషి, తన ఇంటి కింది కాలువ కంపుకు కిటికీ మూసుకుని, దోమల కాయిల్ వెలిగించి పడుకుంటున్నాడు.

క్షయ రోగి దగ్గితే వెలువడే సూక్ష్మ బిందువులు మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. పెరూ దేశపు లిమా ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2007లో ప్రచురితమైంది. కిటికీలు, తలుపులు తెరిచినప్పుడు, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న 1950కి ముందటి గదుల్లో గంటకు సుమారు 40 సార్లు గాలి మారింది. కొత్త గదుల్లో 17 సార్లే. ముంబయి గోవండిలోని పునరావాస భవనాలు మరీ దగ్గరగా ఉన్నాయి. అక్కడ వెలుతురూ గాలీ అందని కింది అంతస్తుల్లో క్షయ ఎక్కువగా ఉందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది.

ఇంత తెలిసినా, కాలనీలో జబ్బు కనిపిస్తే మొదట వినిపించే మాట "వాళ్లు శుభ్రంగా ఉండరు" అనే. కులం మీది చిన్నచూపే ఇక్కడ వైద్య సలహా వేషంలో వస్తోంది. లేవీయకాండము 14వ అధ్యాయంలో గోడకు పొడ కనబడితే యాజకుడు స్వయంగా వచ్చి గోడను చూస్తాడు. రాళ్లు తీయిస్తాడు, గోడ గీయిస్తాడు, అవసరమైతే ఇల్లే పడగొట్టిస్తాడు. పరీక్ష ఇంటికే జరుగుతుంది. ఇంట్లోవారిని తిట్టమని ఎక్కడా లేదు.

డబ్బున్నవారి ఇళ్లూ బిగుసుకుపోతున్నాయి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది. చాలా సంఘాలు మందిరాలకూ ఏసీ పెట్టి కిటికీలు మూస్తున్నాయి, అదీ ఆలోచించవలసిందే. కాని వారు ఎప్పుడైనా లేచి కిటికీ తీయగలరు. కాలనీవారికి తీయడానికి కిటికీ ఉండాలి కదా!

అందుచేత ఆ నగరాల్లోని సంఘకాపరులనూ యువజనులనూ మేము కోరేది ఇది: గృహప్రవేశ ప్రార్థనకు పిలిచినప్పుడు ఒక కొలత టేపు తీసుకుని వెళ్లండి. ప్రతి గదిలో తెరుచుకునే భాగం ఎంతో కొలవండి, వంటగదికి పొగ పోయే దారి ఉందో లేదో చూడండి. లేకపోతే కుటుంబాలతో కలిసి అర్జీ రాయండి: ఎదురు గోడకు వెంటిలేటర్, కిటికీలకు దోమల జాలి, కింది కాలువకు మూత. తాళాలు అందుకోకముందే అడిగితే మరీ మంచిది.